మకాతు కొనే చేపలు

కొరోర్ దీవి
షోవా చక్రవర్తి ఏలుబడి ఎనిమిదో ఏడు (1933), ఏప్రిల్ మొదటివారం

మకాతూ,

ఇక్కడ అందరం క్షేమం. గాలి తూర్పు నుంచి వీస్తోంది. సూర చేపలు బాగా పడుతున్నాయి. చేపల కంపెనీ పొయ్యిలు ఆరడం లేదు. ఉడకబెట్టడం, పొగబెట్టడం, కట్టెల్లా ఎండగట్టి ఓడ ఎక్కించడం, రోజంతా ఇదే పని. ఊరంతా ఆ పొగ వాసనే.

నీ ఉత్తరం అందింది. అందిందని మాత్రం రాసి ఊరుకుందామనుకున్నాను. పడవ లెక్క రోజూ రాసేవాణ్ణి. ఎర ఎక్కడ దొరికింది, ఎన్ని బుట్టలు దించాం అన్నది నా చేతికి దానంతటదే వస్తుంది. నీకు రాయవలసింది అలా రాదు. అందుకని ముందు ఊరి సంగతి రాస్తాను. ఈలోపు చేయి మెత్తబడుతుందేమో.

జెనీవా అనే ఊళ్ళో దేశాలన్నీ కూర్చునే సభ ఒకటుంది. మంచూరియాని మన జపాన్ తీసుకుందని ఆ సభ తప్పుపట్టిందట. మనవాళ్ళు లేచి వచ్చేశారట. జర్మనీ వాళ్ళ దగ్గర గెలిచిన ఈ దీవుల్ని మనకి రాసిచ్చింది కూడా ఆ సభే. ఇక వీటిని తిరిగి ఇచ్చెయ్యాలేమోనని కొన్నాళ్ళు అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. ఇక్కడికి వచ్చిన ఓడ ఖర్చులు దండగైపోతాయని మా పడవ పెద్ద జెన్కో అన్నకి అన్నం సహించలేదు. మొన్న సర్కారు కార్యాలయం గోడమీద కాగితం అంటించారు. దీవులు ఇవ్వం, ఎవరూ బెంగపడొద్దు అని. ఆ సాయంత్రమే దీపాల ఊరేగింపు. జపాన్ పెద్దదీవుల వాళ్ళు ముందు, మన ఒకినావా వాళ్ళం వెనక, ఈ దీవివాళ్ళు అందరికన్నా వెనక. ఎవరు ఎక్కడ నడవాలో ఎవరూ చెప్పలేదు. అందరికీ తెలుసు. అయినా, అబద్ధం ఎందుకు, కొండమీద నుంచి చూస్తే రేవు దాకా ఒకటే వెలుగు. నాకూ ఒళ్ళు పొంగింది.

మాతో వల లాగే తెమెంగిల్ ఈ దీవివాడే. అతన్ని అడిగాను, "ఎలా ఉంది?" అని.

"బాగుంది. జర్మనీ వాళ్ళ దీపాలు ఇంకాస్త పెద్దవి. మోసింది నేనే కదా, బరువు గుర్తుంది" అన్నాడు.

"మరి మావి?"

"మీవి తేలిక. కాకపోతే ఎక్కువసార్లు మోయిస్తారు."

జెన్కో అన్న నవ్వి అతని వీపుమీద చరిచాడు. నేను నవ్వలేదు. అతను నవ్వుతూనే అన్నాడు గానీ, అది నవ్వే మాట కాదు.

ఇక నీ సంగతి. ఇల్లు చూస్తాను, వచ్చెయ్యి అని నేను రాస్తే నువ్వు రాసిన జవాబు నాకు కంఠతా వచ్చేసింది. "మన ఊరు ఇతోమాన్‌లో నువ్వు పట్టిన చేప నేను కొంటాను. బేరమాడి కొని, నెత్తిన పెట్టుకుని నాహా పట్నం దాకా పరుగెత్తి అమ్ముతాను. మిగిలింది నాది. అక్కడ నీ చేప కంపెనీది. నేనొచ్చి ఏం చెయ్యాలి? పెద్దదీవుల ఆడవాళ్ళలాగ గుమ్మంలో కూర్చోవాలా? చేప కొనడానికి వీల్లేని చోట నేను పెళ్ళాన్ని కాను, వంటమనిషిని."

ఈ మాట ఎవరికీ చూపించలేదు. తప్పు అనడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇక్కడ మా వలలో పడ్డ చిన్నచేప కూడా కంపెనీ తూకానికే పోతుంది. మనం ఒకచోట ఉండి మూడేళ్ళు దాటింది.

మరో సంగతి. రష్యా నౌకల్ని ముంచిన రోజుని ఏటా నౌకాదళం వాళ్ళు పండగగా చేస్తారు కదా, మే ఇరవై ఏడున. జెన్కో అన్న పాత పంచాంగం తిప్పి చూశాడు. ఈ ఏడు అదే రోజున మన ఐదో నెల నాలుగో రోజు వచ్చింది. మన పడవ పందెం రోజు. "ఒరే, సముద్రానికి కూడా తెలిసిందిరా" అని చిన్నపిల్లాడిలా తిరుగుతున్నాడు.

నీ
కమెసుకె


కొరోర్ దీవి
ఏప్రిల్ చివర

మకాతూ,

ఈసారి వాతావరణం రాయను.

నౌకాదళం పండగకి యుద్ధనౌక ఒకటి వస్తోంది. రేవులో పడవ పందెం పెడతారు. నౌక సిపాయిల పడవ ఒకటి, కార్యాలయం వాళ్ళది ఒకటి, కంపెనీది ఒకటి. జెన్కో అన్న వెళ్ళి మాదీ ఒకటి అన్నాడు. కంపెనీ మేనేజరు ఇనుజుకా గారు ఒప్పుకోలేదు. "మీరు కంపెనీ మనుషులు. ఊగుతూ, గంట కొడుతూ, తలకి గుడ్డలు చుట్టుకుని ఆ యాసలో అరుస్తూ పెద్దవాళ్ళ ముందుకొస్తారా? మనల్ని అడవి మనుషులనుకుంటారు" అన్నారు. అన్న ఊరుకోలేదు. నాలుగో పడవ రావచ్చా అని నౌక వాళ్ళకే తంతి పంపించాడు. ఎవరి పడవలో వాళ్ళు రావచ్చని జవాబు వచ్చింది.

మర్నాడు ఇనుజుకా గారు నన్ను ఒక్కణ్ణీ పిలిచారు. కూర్చోమన్నారు. అంతకుముందు ఎప్పుడూ అనలేదు.

"నీకు చదువొచ్చటగా. బడికెళ్ళావా?"

"లేదండి."

"మరి?"

"చేపలు చుట్టే పాత పేపర్లమీద నేర్చుకున్నానండి."

ఆయన నవ్వలేదు. గుమాస్తా పని ఇస్తానన్నారు. చాపలు పరిచిన రెండు గదుల ఇల్లు, బావి, వెనకాల కూరపాదు. "మీ ఆవిణ్ణి తెచ్చుకో. మర్యాదగా బతుకు. ఆ గుంపుతో పందెం మాత్రం వద్దు. నువ్వు లేకపోతే వాళ్ళకి లయ ఉండదంటున్నారు, గంట కొట్టేది నువ్వేనట కదా." ఆలోచించుకుని చెప్తానన్నాను.

వెళ్ళి ఆ ఇల్లు చూశాను, మకాతూ. కిటికీలోంచి సముద్రం కనబడుతుంది. నువ్వు ఏ మూల కూర్చుంటావో కూడా అనుకున్నాను. ఊ అనడానికి నోటిదాకా వచ్చింది.

మనం ఇన్నేళ్ళు కాపురం చేసినా మాట్లాడుకోని సంగతి ఒకటుంది. అది ఇప్పుడు రాస్తే గాని నా జవాబు నీకు అర్థం కాదు. రష్యా నౌకలు మునిగిన ఏడే మా నాన్న పోయాడు. మా అమ్మ నన్ను మీ నాన్నకి ఇచ్చేసింది. అమ్మేసింది అనాలి, ఇతోమాన్‌లో అందరూ ఆ మాటే అంటారు. ఊరూరా జెండాలు పట్టుకుని పిల్లలు పాడుతుంటే వాళ్ళ మధ్యలోంచి నేను మీ నాన్న వెనక నడిచి వచ్చాను. ఆ జెండాలు నాకోసమేననుకున్నాను కాసేపు. మీ నాన్న చెడ్డవాడు కాడు. ఊపిరి బిగబట్టడం నేర్పాడు, మునిగేటప్పుడు కళ్ళకి పెట్టుకునే కొయ్య చట్రం అద్దాలు చెక్కి ఇచ్చాడు, నాకన్నా ఎక్కువ తన కొడుక్కి పెట్టలేదు. కానీ నేను పట్టిన ప్రతి చేపా ఆయనదే. ఇరవయ్యేళ్ళు నిండి గడువు తీరేదాకా నా ఈత, నా ఊపిరి కూడా ఆయనవే. నువ్వు అదంతా చూస్తూ పెరిగావు. నేను చెప్పలేదు, నువ్వు అడగలేదు.

గడువు తీరాక మన పెళ్ళయింది. మొదటి పొద్దున ఇసుకలో నీ ముందు చేపలు పోశాను. నువ్వు బుట్ట దించి, ఒకదాని మొప్ప ఎత్తి చూసి, "దీని కళ్ళు తెల్లబడ్డాయి, ఇంత చెప్తే ఎవడు కొంటాడు?" అన్నావు. పెళ్ళయిన మర్నాడే నాతో బేరం. పక్కనున్న ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. వాళ్ళెవరికీ తెలియదు, నాకు ఆ క్షణాన ఏమైందో. అప్పటిదాకా నేను కొనబడ్డవాణ్ణి. నువ్వు బేరమాడిన రోజున అమ్మేవాణ్ణయ్యాను. నా చేతిలోది నాదయింది, నువ్వు దాన్ని కావాలనుకున్నావు, ధర దగ్గర దెబ్బలాడావు. నాకు తెలిసిన కాపురం అదే.

ఇనుజుకా గారి ఇంట్లో అది ఉండదు. అక్కడ నేను మళ్ళీ ఒకరి మనిషిని. నువ్వు కూడా.

నిన్న వెళ్ళి వద్దని చెప్పాను. "పశ్చాత్తాపపడతావు" అన్నారు. కావచ్చు. ఇల్లు పోయింది. నిన్ను ఎలా తెచ్చుకోవాలో నాకు ఇంకా తెలియదు. గంట మాత్రం నేనే కొడతాను.

నీ
కమెసుకె


కొరోర్ దీవి
మే ఇరవై ఎనిమిది

మకాతూ,

చేతులు బొబ్బలెక్కాయి, అక్షరాలు వంకరపోతే తిట్టుకోకు. సంగతి మొదటినుంచీ చెప్తాను.

పొద్దున్నే కొత్త తలగుడ్డలు కట్టుకుని, మన ఊరున్న ఉత్తరం దిక్కుకి తిరిగి, గుహ గుడిని తలుచుకుని దండం పెట్టుకున్నాం. సరిగ్గా అప్పుడే మా వాళ్ళలో ఒకడికి జ్వరం తగిలి కూలబడ్డాడు. ఒక తెడ్డు తక్కువ. జెన్కో అన్న ఒడ్డున నిలబడ్డ తెమెంగిల్‌ని కేకేశాడు.

"ఏరా, ఎక్కుతావా?"

"మీ పండగా, వాళ్ళ పండగా?"

"రెండూను."

"అయితే ఎవరు గెలిచినా నేను ఓడిపోయినట్టే" అంటూ ఎక్కాడు. మీద చొక్కా తీసి మడిచి జాగ్రత్తగా ఒడ్డున పెట్టాడు. అతనికి ఉన్న మంచి చొక్కా అదొక్కటే.

రేవంతా జెండాలు. యుద్ధనౌక మీద కూడా తోరణాలు. పందిట్లో నౌక పెద్ద అధికారి కూర్చున్నాడు. తెల్లగడ్డం. కుర్రవాడిగా రష్యా యుద్ధంలో పోరాడిన మనిషట. ఆయన పక్కన ఇనుజుకా గారు. ఎర్ర పీపా ఒకటి నీళ్ళమీద తేలగట్టారు, దాన్ని చుట్టి వెనక్కి రావాలి.

తుపాకీ పేలింది. నేను గంట కొట్టాను. సిపాయిల పడవ బరువు, మనది సన్నం, ఆకులా లేచింది. కార్యాలయం వాళ్ళు మొదటినుంచీ ఒకరి తెడ్డు ఒకరికి తగిలించుకుంటూ తిట్టుకుంటున్నారు. కంపెనీ పడవని సగం దూరంలో దాటాం. ఎర్ర పీపా దగ్గరికి అందరికన్నా ముందు మేమే చేరాం. తిరుగుతుంటే పందిరి కనబడింది, ఇనుజుకా గారు లేచి నిలబడటం కనబడింది. నాకు ఎక్కడలేని సంతోషం వచ్చి గంటని ఆపకుండా వాయించేశాను.

నీకు తెలుసు కదా ఆపకుండా వాయిస్తే ఏమిటో. మన ఊళ్ళో దానికి ఒకటే అర్థం. పడవ తిరగెయ్యమని.

పది మంది ఆలోచించలేదు. పుట్టినప్పటినుంచీ విన్న గంట. ఒక్కసారిగా ఒక పక్కకి ఒరిగారు. నేను, గంట, జెన్కో అన్న, చుక్కాని, అందరం నీళ్ళలో. నీళ్ళ కింద తెమెంగిల్ మొహం చూశాను. కళ్ళు ఇంతింత చేసుకుని నావైపే చూస్తున్నాడు.

రేవు ఒక్కసారి గొల్లుమంది. జెన్కో అన్న పైకి తేలి, "ఎవడ్రా వాయించమన్నది" అన్నాడు. ఏం చెప్పను? ఇక తిట్టే తీరిక లేదు. పడవని మళ్ళీ తిప్పాం, అటూ ఇటూ ఊపి నీళ్ళు బయటికి చిమ్మాం, ఎక్కాం. ఈలోగా వెనకనుంచి వస్తున్న సిపాయిలు మేం మునిగిపోతున్నామని పందెం వదిలేసి మమ్మల్ని కాపాడటానికి పడవ తిప్పుకొచ్చారు. ఒకడు కొక్కెం కర్ర చాచి, "పట్టుకో, పట్టుకో" అంటున్నాడు. వాడి కర్ర చివర నుంచే మేం జారుకుని వెళ్ళిపోయాం. మొదట చేరాం.

నవ్వులు ఆగలేదు. ఇనుజుకా గారు మాత్రం ఎర్రబడిపోయి, "ఇది గెలుపు కాదు, రద్దు చెయ్యాలి" అన్నారు. అధికారి మమ్మల్ని పిలిచాడు. నీళ్ళోడుతూ నిలబడ్డాం.

"మునిగారా, ముంచారా?" అన్నాడాయన.

జెన్కో అన్న నావైపు ఒక చూపు చూసి, "ముంచామండి. మా ఊళ్ళో పడవ పందెమంటే అదే. మునిగి లేవనివాడికి చేపల మీద ఏం హక్కుందండి?" అన్నాడు.

"మా వాళ్ళు మిమ్మల్ని కాపాడటానికి వచ్చి ఓడిపోయారు. అది సబబు కాదు కదా."

"కాదండి. మళ్ళీ పెట్టండి. మేం ఈసారీ ముంచుతాం, వాళ్ళని మాత్రం తిన్నగా పొమ్మనండి."

పడవలోవాళ్ళం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తెమెంగిల్, "ఈసారి ముందే చెప్పండి, ఊపిరి పీల్చుకుంటాను" అన్నాడు.

అధికారి సరేనన్నాడు. రెండోసారి ఎవరూ నవ్వలేదు. దీవి మొత్తం ఒడ్డుకి ఒరిగింది. ఎర్ర పీపా దగ్గర సిపాయిలతో సమానంగా ఉన్నాం. నేను గంట ఆపకుండా వాయించాను, ఈసారి కావాలనే. తిరగబడింది. నీళ్ళలోంచి పైకి వచ్చేసరికి వాళ్ళు చాలా దూరం పోయారు. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు. గంట, వీపులు, నీళ్ళు. ఒడ్డుమీద మన ఒకినావా వాళ్ళు మన యాసలోనే అరుస్తున్నారు, గొంతు తగ్గించుకోకుండా. వాళ్ళ పక్కనే తెమెంగిల్ వాళ్ళు వాళ్ళ భాషలో. చివరికి వాళ్ళ పడవ ముక్కు, మన పడవ ముక్కు పక్కపక్కన. మనది ఒక మూర ముందు. సిపాయిలే మొదట తెడ్లు ఎత్తి పట్టుకుని మమ్మల్ని మెచ్చుకున్నారు.

అధికారి సారా పీపా ఇచ్చి, ఇంకేదైనా కోరుకోమన్నాడు. అన్న నావైపు చూశాడు. నేను నలుగురిలో మాట్లాడటం నువ్వెప్పుడైనా చూశావా? మాట్లాడాను.

"సూర చేప కంపెనీది, మేం కాదనం. మిగతా చేపలు మా వలలో పడ్డవి మావి అనండి. మా ఆడవాళ్ళు మా దగ్గర కొని ఊళ్ళో అమ్ముకుంటారు."

"ఏ ఆడవాళ్ళయ్యా? ఇక్కడెవరున్నారు?" అన్నారు ఇనుజుకా గారు.

"వస్తారండి" అన్నాను.

"మొగుడి దగ్గర పెళ్ళాం కొనడమేమిటి?" అన్నాడు అధికారి.

"మా ఊళ్ళో అంతేనండి. ఊరికే ఇస్తే తీసుకోరు."

ఆయన గడ్డం వణికేలా నవ్వాడు. "మా ఓడలో వంటవాడు నెల్లాళ్ళుగా తాజా చేప దొరకలేదని నన్ను సాధిస్తున్నాడు. అమ్మేవాళ్ళుంటే నౌకాదళానికే మేలు. ఏం ఇనుజుకా గారూ?" అన్నాడు. అంతమంది ముందు, ఆ జెండా కింద, ఇనుజుకా గారు కాదనలేకపోయారు. సాయంత్రానికి గోడమీద కాగితం అంటించారు. నేను దాన్ని మూడుసార్లు వెళ్ళి చదువుకున్నాను.

ఒక్క సంగతి రాయకపోతే లెక్క సరిగా రాసినట్టు కాదు. సారా పీపా తెరిచాక కార్యాలయం జవాను వచ్చి, దీవివాళ్ళు తాగకూడదని చట్టం ఉంది, తెమెంగిల్‌కి పోయవద్దు అన్నాడు. జెన్కో అన్న మూత మళ్ళీ బిగించేశాడు. అందరం కొబ్బరిబోండాలు కొట్టుకున్నాం.

"నాకోసం ఆగకండి. ఆగితే ఎప్పటికీ తాగలేరు" అన్నాడు తెమెంగిల్.

"మీ ఆవిడ కూడా చేపలు అమ్ముకునేలా అడగవలసింది. తోచలేదు" అన్నాను.

"ఆవిడకి చేపలెందుకు? చేమదుంప మడి ఉంది. మీ వాళ్ళు కొలత గొలుసులు పట్టుకొచ్చి దాన్ని కొలిచి తీసేసుకోకుండా ఉంటే అదే పదివేలు."

మనం గెలిచాం, అది నిజం. ఎవరి ఒడ్డున గెలిచామో అది కూడా నిజం. ఆ రెండూ ఒకే రోజు రాసుకున్నాను.

ఇక నువ్వు రావచ్చు, మకాతూ. వంటమనిషిగా కాదు.

నీ
కమెసుకె


ఓడమీద, సైపాన్ రేవు
జూన్ పన్నెండు

కమెసుకెకి,

నువ్వు గంట కొడతానని రాసిన ఉత్తరం అందింది. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు. పందెం గెలిచారో, ముక్కులు పగలగొట్టుకున్నారో, కంపెనీ ఏమందో, ఏమీ తెలియకుండానే బయలుదేరాను. తెలియనవసరం లేదు. ఇల్లు వద్దన్నావు చూడు, అది చాలు. అది చదివి మన పక్కింటి ఉషికి వినిపించాను. ఆవిడ ముక్కు చీదుకుని, "ఇలాంటి మొగుణ్ణి అక్కడ ఒంటరిగా వదిలేశావా, ఎవరైనా కొనేసుకుపోతారు" అంది. ఆ మాటకే వచ్చేస్తున్నాను అనుకో.

ఒక్కదాన్నే కాదు. ఉషి, ఆవిడ చెల్లెలు, జెన్కో బావగారి భార్య. ఆయనకి ముందే చెప్పకు, కాస్త భయపడనీ. నలుగురం మా బుట్టలు మేమే తెచ్చుకుంటున్నాం. కంపెనీ చేప అమ్మనివ్వనంటే ఎలా అమ్మనివ్వదో వచ్చి చూస్తాం. నాహాలో పోలీసులతో, సంతలో పన్ను వసూలు చేసేవాడితో, మా అత్తలతో నెగ్గుకొచ్చాం. ఆ ఇనుజుకా ఎవరో గాని మా అత్తలకన్నా గట్టివాడై ఉండడు.

మా నాన్న సంగతి రాశావు. నాకు తెలుసు. చిన్నప్పుడు నువ్వు మునిగి పైకి వచ్చేదాకా ఒడ్డున నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని, ఎవరికీ చెప్పలేదు. ఆ మొదటి పొద్దున చేప కళ్ళు తెల్లబడలేదు. చాలా మంచి చేప. నువ్వు వణుకుతున్నావని కనబడింది. జాలిపడి అడిగినంతా ఇచ్చేస్తే జన్మంతా నీకు జాలే మిగులుతుందని గట్టిగా బేరమాడాను. ఉషి నవ్వితే కాలు తొక్కాను కూడా.

ఇప్పుడు ఓడ సంగతి. దిగువ తరగతిలో కక్కులూ గబ్బూ. రెండో రోజుకి విసుగొచ్చి పైకి పోతే, ఓడ కుర్రాళ్ళు తీరిక వేళ గేలం వేసి పెద్ద పెద్ద చేపలు లాగుతున్నారు. తినలేక సగం సముద్రంలో పారేస్తున్నారు. చూస్తూ ఊరుకోవడం నా వల్ల అవుతుందా? కొన్నాను. నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి మొదటి తరగతి వంటశాలకి పోయాను. వంటవాడు, "ఎవరమ్మా నువ్వు, ఎలా వచ్చావిక్కడికి?" అన్నాడు. "చేపలు తీసుకుంటావా, పాడు చేస్తావా?" అన్నాను. తీసుకున్నాడు. మర్నాటినుంచీ మా నలుగురికీ వంతులు. నిన్న ఓడ కప్తాను తిన్నది నేను అమ్మిన చేపే. ఉషి అయితే ఓడలోనే ఉండిపోదామంటోంది.

ఈ ఉత్తరం సైపాన్‌లో టపాలో వేస్తున్నాను. ఇదీ నేనూ ఒకే ఓడలో వస్తున్నాం. స్టాంపు దండగే గాని, నేను దిగేటప్పుడు ఇంకెవరైనా నా తరఫున మాట్లాడితే బాగుండుననిపించింది. నిన్ను చూశాక నోటమాట వస్తుందో రాదో.

రేవుకి వచ్చేటప్పుడు చేపలతో రా. రేటు కుదిరాకే నీ మొహం చూస్తాను.

నీ
మకాతు